లొల్లి మేడం గొంతు

నాకు కోపం ఎక్కువ. దాచుకుని లాభం లేదు, కాశిబుగ్గలో ఏ గల్లీలో అడిగినా చెబుతారు. ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్నాను. చెప్పడమంటే అరవడమే. గది నిండా పిల్లలు, నెత్తి మీద గరగరమనే ఫ్యాను, కిటికీ అవతల ఆటోల హారన్లు. ఇవన్నీ దాటుకుని త్రికోణమితి చివరి బెంచీ దాకా పోవాలంటే మెల్లగా మాట్లాడితే అయ్యే పనేనా? నా ఎదుట ఎస్తేరు మేడం అంటారు. నేను అటు తిరగ్గానే లొల్లి మేడం. నాకు తెలుసు. తెలిసినా ఏమీ అనను, ఆ పేరులో అబద్ధమేమీ లేదు కాబట్టి.

తిట్టడానికి కూడా నాకొక పద్ధతి ఉంది. పిల్లలెవరైనా వరసగా బడి ఎగ్గొడితే సాయంత్రం స్కూటీ వేసుకుని వాళ్ళింటికి పోతాను. లోపలికి రమ్మంటే వెళ్ళను, చాయ్ ఇస్తే తాగను. గడప బయటే నిలబడి, వాడకట్టు మొత్తం వినేలా లొల్లి పెడతాను. తల్లిని పేరు పెట్టి పిలిచి మొదలుపెడితే, చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటలూ చీపుర్లూ పట్టుకుని వాకిళ్ళలోకి వచ్చేదాకా ఆపను. మర్నాడు ఆ పిల్ల బెంచీలో ఉంటుంది. దీనికి ఎవరూ నొచ్చుకోలేదు. పైగా, మా బిడ్డ కోసం మేడం మా వాకిట్లోకొచ్చి తిట్టిపోయిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పదో తరగతి పరీక్షల నాడు నేను సెంటరు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ తిట్టి లోపలికి పంపుతాను. ఆ తిట్లు తినకుండా లోపలికి పోతే పెన్ను కదలదని పిల్లల నమ్మకం.

అలాంటి నా గొంతు గత వర్షాకాలంలో పోయింది.

ఒక్కసారిగా పోలేదు. ముందు బొంగురుపోయింది. తర్వాత పొద్దున ఉండి మధ్యాహ్నానికి పోయేది. మిరియాల పాలు తాగాను, కరక్కాయ చప్పరించాను, అల్లం నమిలాను. మా ఆయన సుందర్ రావుది డోర్నకల్ జంక్షన్‌లో రైల్వే ఉద్యోగం. వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆ వారం వచ్చి నా మాట విని మొదట నవ్వాడు. "ఏందే ఎస్తేరూ, ఇల్లింత సల్లగున్నది? తప్పు ఇంటికొచ్చిన్నా ఏంది?" అన్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు నేను నీళ్ళిమ్మని అడిగితే అతనికి వినపడలేదు. అప్పుడు నవ్వలేదు. తెల్లారి హనుమకొండలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

గొంతులో కాయలు కాశాయట. చేతులకు కాసినట్టే. దసరా సెలవుల్లో ఆపరేషన్ చేశారు. డాక్టరు నా ముఖంలో ముఖం పెట్టి మరీ చెప్పాడు. "అమ్మా, ఈస్టర్ దాక గొంతు లేపొద్దు. జర ఒకటి రెండు మాటలు గుసగుసగ చెప్పొచ్చు, గంతే. మంచిగ కాపాడుకుంటె మీ గొంతు మీకొస్తది, చర్చిల పాట గూడ పాడుతరు. ఈ లోపల ఒక్కసారి గట్టిగ ఒర్రిండ్రా, ఇగ నా చేతుల లేదు." మా చర్చిలో ఈస్టర్ తెల్లవారుజాము పాట నేనే ఎత్తుకుంటాను. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ అంతే. డాక్టరుకు ఆ సంగతి సుందర్ రావు చెప్పినట్టున్నాడు.

సరే, మాట లేని టీచరును ఏ బడి ఉంచుకుంటుంది? నేను రాజీనామా గురించి ఆలోచిస్తుంటే మా కరస్పాండెంట్ విన్సెంట్ గారు పిలిపించారు. మాది మిషన్ వాళ్ళ బడి, కరస్పాండెంట్ అంటే బడికి పెద్ద. పక్కన కంప్యూటర్ టీచరు స్వప్న కూడా కూర్చుని ఉంది. ఆ పిల్ల నా దగ్గర చదువుకున్నదే. ఎనిమిదో తరగతిలో నా చేత చెవి మెలేయించుకుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం," అంది స్వప్న. "కరోనా టైంల మీరు ఫోన్ల చెప్పిన క్లాసులన్నీ నా కాడున్నయి. వాటితోని మీ గొంతును మిషిన్‌కు నేర్పిస్త. పాఠం అది చెప్తది. పిల్లలు అడిగితే జవాబు గూడ మీ గొంతుతోనే ఇస్తది. మీరు బోర్డు మీద రాస్తాంటె చాలు."

"ఉద్యోగం పోదమ్మా," అన్నారు విన్సెంట్ గారు. ఆయన మంచివారే. ఒక కాగితం ముందుకు జరిపారు. నా గొంతు వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదని అందులో ఉంది. నేను సంతకం పెట్టాను. పెట్టక ఏం చేస్తాను?

మొదటి రోజు స్మార్ట్ బోర్డులోంచి "నమస్కారం పిల్లలూ, ఈ రోజు మనం శ్రేఢుల గురించి నేర్చుకుందాం" అని నా గొంతు వినపడేసరికి నా వీపు మీద చీమలు పాకినట్టయింది. అది నా గొంతే. కానీ నేను ఎన్నడూ అలా మాట్లాడను. అదెందుకో తర్వాత అర్థమైంది. కరోనా రోజుల్లో ఫోన్‌లో క్లాసు చెబితే అవతల తల్లిదండ్రులు కూడా వింటారు కదా. తిట్టొద్దని, అందరినీ గారు అనమని బడి వాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ ఏడాదంతా నోరు కట్టేసుకుని తేనె పూసినట్టు మాట్లాడాను. స్వప్న దగ్గర ఉన్నది ఆ ఎస్తేరు ఒక్కతే. మిషిన్ కూడా ఆమెనే నేర్చుకుంది.

పిల్లలు దానికి మిషిన్ మేడం అని పేరు పెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే, మంచి కూడా జరిగింది. నేను ఒక లెక్క రెండుసార్లు చెబుతాను. మూడోసారి అడిగితే "నీ చెవుల్లో దూది పెట్టుకున్నవా" అంటాను. మిషిన్ మేడం ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. నా క్లాసులో నోరు విప్పని పిల్లలు దాని దగ్గర విప్పారు. వాళ్ళలో మానస ఒకతి. చివరి బెంచీ పిల్ల, సన్నగా ఉంటుంది. లెక్క రాకపోతే కళ్ళు కిందికి దించుకుని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునేది. తొమ్మిదో తరగతిలో రెండుసార్లు బడి మానేస్తే రెండుసార్లూ నేను వాళ్ళింటి ముందు లొల్లి పెట్టి తెచ్చాను. తల్లి మొగిలమ్మ మిర్చి షెడ్లలో తొడిమెలు తీసే పనికి పోతుంది. తండ్రి లేడు. అలాంటి పిల్ల లంచ్ టైంలో కంప్యూటర్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, వర్గ సమీకరణాలు మళ్ళీ మళ్ళీ అడిగి నేర్చుకుంది. డిసెంబర్ పరీక్షలో ఆమె పేపర్ దిద్దుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. స్టెప్పులు స్టెప్పులుగా ఎంత పొందికగా రాసిందో. ఆనందం వేసింది, మండింది కూడా. నేను ఇన్నేళ్ళు గొంతు చించుకుని చేయలేని పని అది గొంతు లేపకుండా చేసింది.

ఇంకొకటి. నేను అలసిపోయాను. ఎంత అలసిపోయానో అరవడం మానేశాకే తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుని, అది చల్లారకముందే తాగాను, ఎన్నేళ్ళకో. ఈ మధ్య టీచరు పని పాఠం చెప్పడం కాదు కదా. హాజరుకొక యాప్, అన్నానికొక యాప్, ఫోటో తీసి పెట్టడానికింకొకటి. వీటి మధ్య తల ప్రాణం తోకకొస్తే పాఠం ఎక్కడ చెప్పను? మిషిన్ మేడం హాజరు కూడా తనే చూసుకుంది. రాని పిల్లల ఇళ్ళకు సాయంత్రం నా గొంతుతో అదే ఫోన్ చేసేది. నర్సంపేటలో మా బడికి ఇంకో బ్రాంచి ఉంది, అక్కడికీ పంపారు. నేను అడుగైనా పెట్టని క్లాసులో నా గొంతు పాఠం చెబుతోందని విన్సెంట్ గారు సంతోషంగా చెప్పారు. నేను తల ఊపాను. అప్పటికి తల ఊపడం అలవాటైపోయింది.

జనవరి సెలవుల తర్వాత మానస బడికి రాలేదు.

మొదట్లో జ్వరమేమో అనుకున్నాను. పాత ఎస్తేరయితే అప్పటికే స్కూటీ తీసేది. స్వప్నను అడిగాను, అంటే పలక మీద రాసి చూపించాను. నా చేతిలో ఎప్పుడూ చిన్న పలక ఉండేది.

"రోజు ఫోన్ పోతనే ఉన్నది మేడం," అంది స్వప్న స్క్రీన్ చూపించి. "వాళ్ళమ్మ ఎత్తుతాంది, మొత్తం వింటాంది. ఒస్తదిలే."

వస్తుందిలే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకు ఆ మాట హాయిగా అనిపించింది. నేను పోయి మాత్రం ఏం చేస్తాను, నోరు లేనిదాన్ని? ఫోన్ చేసే పని ఎవరో చేస్తున్నారు. అలా జనవరి గడిచిపోయింది. ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్ మొదలయ్యింది. మొదటి పేపర్ నాడు చివరి బెంచీలో ఆమె నంబరు రాసిన చోటు ఖాళీగా ఉంది. మార్చిలో అసలు పరీక్షలు. ఆ ఖాళీ బెంచీని చూస్తుంటే నా ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం బయలుదేరుతుంటే స్వప్న గేటు దగ్గర ఆపింది. "మేడం, మీరు ఒర్రొద్దు, డాక్టర్ చెప్పిండు గద. నా మాటినుండ్రి. యాప్ మీ ఫోన్ల ఏసిన. మీరు టైప్ చేస్తె మీ గొంతుతోని అదే మాట్లాడుతది." మొగిలమ్మకు చదువు రాదు. పలక మీద రాస్తే లాభం లేదు. సరే, ఇదే దారి అనుకున్నాను.

వాళ్ళది రేకుల ఇల్లు, ఇరుకు గల్లీ. మొగిలమ్మ గడపలో కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టు. నన్ను చూడగానే లేచి నిలబడింది. ముఖంలో భయం లేదు. అది నాకు కొత్త. నేను ఎప్పుడొచ్చినా ముందే కొంగు సర్దుకుని తల దించుకునే మనిషి, ఆ రోజు నవ్వింది.

"రాండ్రి మేడం, రాండ్రి. పానం మంచిగైందా? గొంతు ఆపరేషన్ అన్నరు గద."

నేను ఫోన్ తీసి టైప్ చేశాను. మొగిలమ్మా, నీకు బుద్ధుందా? నెలలో పరీక్షలు పెట్టుకుని పిల్లను ఇంట్లో కూర్చోబెడతావా? అని. ఫోన్ ఒక్క క్షణం ఆలోచించి, 'ఈ సందేశంలో కఠినమైన మాటలు ఉన్నాయి, మర్యాదగా మార్చి వినిపిస్తున్నాను' అని స్క్రీన్ మీద చూపించింది. నేను ఆపేలోగా నా గొంతు మొదలుపెట్టింది.

"మొగిలమ్మ గారూ, నమస్కారం. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మానస చదువు విషయం మీరు ఒకసారి ఆలోచిస్తారని ఆశిస్తున్నాను."

"అయ్యో, ఎంత మంచిగ మాట్లాడుతాన్నరు మేడం," అంది మొగిలమ్మ. "జర కూసోండ్రి, చాయ్ పెట్టమంట. పొల్ల ఇప్పుడే పనికాడికెంచి వచ్చింది. చేతులు కడుక్కుంటాంది."

పనికాడి నుంచి! గుసగుసగా అడిగాను. "ఏం పని?"

"మిర్చి కాడికే మేడం. నేను బస్తా మీద పడితి, చెయ్యి ఇరిగె. సీజన్ల మనిషి పోకపోతె జట్టుల జాగ పోతది. ఒకసారి జాగ పోతె వచ్చే యేడు పిలువరు. అందుకని నా జాగల పొల్ల కూసుంటాంది."

"చదువు?" అన్నాను. గాలిలా వచ్చింది ఆ మాట.

మొగిలమ్మ నన్ను వింతగా చూసింది. "గదేంది మేడం, మీరే ఒప్పుకున్నరు గద. రోజు ఫోన్ చేసిండ్రు. మొగిలమ్మ గారూ, మీ వీలు చూసుకుని పంపించండి అన్నరు. మొదాలు భయమైంది. గొంతు ఇని, ఇగ ఇంటి మీదికొస్తది మేడం, నా ఇజ్జత్ తీస్తది అనుకున్న. నువ్వు రాలే. రోజు గట్లనే సల్లగ మాట్లాడినవు. అప్పుడు నాకెరుకైంది, పొల్ల పాసు గాదని మేడంకు తెలిసింది, అందుకే ఇడిసిపెట్టింది అని. లేకపోతె నువ్వు నన్ను గారు అంటవా మేడం?"

ఆ మనిషి తప్పు లేదు. ఆమెకు నా గొంతు తెలుసు, నా కోపం తెలుసు. కోపం లేని నా గొంతుకు ఒకే అర్థం ఉంటుందని ఆమె లెక్క కట్టుకుంది. లెక్కల టీచర్ని, ఆ లెక్కలో నాకు తప్పు కనపడలేదు.

అప్పుడు లోపలి నుంచి మానస వచ్చింది. చేతివేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, కొబ్బరినూనె రాసుకుంది. దూరం నుంచే మిరపకాయ ఘాటు తగిలి నాకు దగ్గొచ్చింది. నేను ఆమె వేళ్ళు చూసి, ముఖం చూశాను. పెన్సిలు చెక్కుకునేటప్పటి ముఖమే అది.

పలక మీద రాసి చూపించాను. 'నాకెందుకు చెప్పలేదు?'

"చెప్పిన మేడం," అంది మానస.

ఎప్పుడు అన్నట్టు చూశాను.

"అమ్మ ఫోన్ తీస్కపోయి, మీ ఫోన్ వచ్చిన నంబర్‌కే చేసిన. మిర్చి కాడ, అందరు అన్నం తింటాంటె. మేడం, మీరు మా ఇంటికొచ్చి లొల్లి పెట్టుండ్రి, అమ్మను తిట్టుండ్రి, నాకు పరీక్ష రాయాలని ఉన్నది అని మిషిన్ మేడంకు చెప్పిన. మస్తు సార్లు చెప్పిన."

'ఏమంది?'

మానస నన్ను చూడకుండా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "మానసా, మీ అమ్మగారి ఇబ్బందులను అర్థం చేసుకో. ఆమెతో ప్రశాంతంగా మాట్లాడు. వీలైనప్పుడు రోజుకు ఒక గంట ఇంటి దగ్గరే సాధన చెయ్యి. నువ్వు చాలా తెలివైన అమ్మాయివి, అన్నది." తర్వాత ఆ పిల్ల గొంతు మారింది. "మిషిన్ అని నాకెరుకే మేడం. నేను పిచ్చిదాన్ని గాదు. గని గొంతు మీదే గద. మీకు చెప్తదేమో అనుకున్న. స్కూటీ సప్పుడైతె చాలు, మీరే అనుకున్న. మీరు గూడ రాలే."

ఆ పిల్ల అడిగింది తిట్టే మనిషిని. అడిగింది నన్ను. నా గొంతుతోనే ఆమెకు జవాబు వచ్చింది, సర్దుకుపొమ్మని. ఆ మాటల్లో ఒక్కటీ చెడ్డది కాదు. ఏ పెద్దమనిషి అయినా అలాగే చెబుతాడు. అందుకే నాకు అంత అసహ్యం వేసింది.

ఈస్టర్ గుర్తుకొచ్చింది. గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. డాక్టరు ముఖం, చర్చిలో ముందు వరుస, చీకట్లో నేను పాట ఎత్తుకుంటే వెనక నుంచి అందరూ అందుకోవడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంకొక్క నెల ఓపిక పడితే చాలు. ఫోన్ నా చేతిలోనే ఉంది. మళ్ళీ టైప్ చేయొచ్చు, బతిమాలొచ్చు. మానస లోపలికి తిరిగింది.

ఫోన్ సంచిలో పడేశాను. వెనక్కి రెండడుగులు వేసి గల్లీ నడిమధ్యలో నిలబడ్డాను.

"మొగిలమ్మా!"

ఏదో చిరిగింది లోపల. నిజంగానే, పాత గుడ్డ చిరిగినట్టు. అయినా ఆపలేదు. "బైటికి రావే! సిగ్గుందా నీకు? బంగారమసొంటి పొల్లను మిరపకాయలల్ల కూసోబెడుతవా? చెయ్యి నీది ఇరిగితె చదువు దానిది ఇరగాల్నా? నేను ఇడిసిపెట్టిన్నా? ఎవతె చెప్పింది నీకు నేను ఇడిసిపెట్టిన్నని? నా నోట్ల నుంచి విన్నవా? ఇగో, ఇది నా నోరు! విను! పాసు గాదా? నీ పొల్ల నా పేపర్ ఎట్ల రాసిందో ఎరుకేనా నీకు? రేపు పొద్దుగాల బెంచీల లేకపోతె నీ రేకులు పీకి సడక్ మీదేస్త!"

తలుపులు తెరుచుకున్నాయి. "మేడమొచ్చింది, లొల్లి మేడమొచ్చింది" అని ఎవరో కేక వేశారు. ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. నా గొంతు అప్పటికే ముక్కలు ముక్కలుగా, కీచుగా వస్తోంది, మధ్యలో ఉత్త గాలే. నోట్లో రక్తం రుచి తగిలింది. అయినా వాళ్ళందరినీ కలిపి తిట్టాను. ఇన్ని ఇళ్ళున్నాయి కదే, ఒక్క జాగ ఆపలేకపోయారా మీరంతా కలిసి, అని.

మొగిలమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే నవ్వుతోంది. "అమ్మా, మేడం, తోలుత. రేపే తోలుత. నువ్వు ఇడిసిపెట్టలే గద. నాకేమెరుక మేడం, గారు అంటివి."

రెండిళ్ళ అవతల నుంచి కట్టమ్మ వచ్చింది. మిర్చి జట్టుకు ఆమే పెద్ద. "ఏందే మొగిలీ, పొల్లకు పరీక్షలని నాకు చెప్పినవా నువ్వు? బడి మానేసిందన్నవు. నీ జాగ ఎటు వోదు, నేనాపుత. చెయ్యి అతికినంక రా. పొల్లను బడికి తోలు." అంతే. గడప లోపల కూర్చుని చాయ్ తాగి ఉంటే కట్టమ్మ చెవిన ఈ మాట పడేదే కాదు. ఒక్క చెవికి వినపడే ఫోన్‌తో కాని పని అది.

మానస నా దగ్గరికి వచ్చింది. నా కొంగు పట్టుకుంది, ఆ మంట చేతులతోనే. ఇంకా ఏదో తిడదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లైటు వేసి చూసి, లైటు తీసేసి, సుందర్ రావుతో బయట మాట్లాడాడు. గుసగుస ఉంటుందట. దాన్ని దాటి రాదట. బస్సు ములుగు రోడ్డు దాటాక సుందర్ రావు అడిగాడు. "ఎంత ఒర్రినవే అసలు?" నేను రెండు చేతులూ చాచి చూపించాను. "గంతనా?" అన్నాడు, నా తల తన భుజానికి ఆనించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పాట పోయిందని ఏడ్చాను, ఇంకెందుకో చెప్పను.

స్వప్న నాకంటే ఎక్కువ ఏడ్చింది. అందులో ఆ పిల్ల తప్పేముంది? మానసకు పోయిన పాఠాలన్నీ మళ్ళీ మిషిన్ మేడమే చెప్పింది. పొద్దున బడి తెరవకముందు, లంచ్ టైంలో, అడిగినన్నిసార్లు. నేను పక్కన కూర్చుని, అది తొందరగా జవాబు చెప్పేస్తుంటే హెడ్‌ఫోన్ తీసేసి, ముందు నువ్వు చెయ్యి అని వేలితో కాగితం చూపించేదాన్ని. దాన్ని తీసిపారేయమని నేను అనలేదు. ఇళ్ళకు ఫోన్ మాత్రం నా గొంతుతో చేయొద్దని విన్సెంట్ గారికి రాసిచ్చాను. ఆయన ఒప్పుకున్నారు. స్వప్న ఒకరోజు మెల్లగా అడిగింది. "మేడం, మీరు తిట్టిన పాత వీడియోలు గూడ పిల్లల కాడ దొరుకుతయి. కోపం గూడ నేర్పిద్దమా దానికి?" వద్దని తల అడ్డంగా ఊపాను. ఎప్పుడు కోప్పడాలో కూడా నేర్పించాలి కదా, అది నాకే సరిగ్గా తెలియదు.

మార్చిలో లెక్కల పరీక్ష నాడు అలవాటు కొద్దీ సెంటరు గేటు దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు, నోరు లేనిదాన్ని. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పిల్లలు ప్యాడ్లు పట్టుకుని వచ్చి, నా ముందు ఆగి, నా నోటి వంక చూసి, నమస్తే మేడం అని లోపలికి పోతున్నారు. ఒక్కొక్కరి భుజం తట్టాను. నాకు సిగ్గుగా అనిపించింది. పెళ్ళికి ఉత్త చేతులతో వచ్చినట్టుంది.

మానస అందరికన్నా చివర వచ్చింది. మొగిలమ్మ దూరంగా ఆటో పక్కన నిలబడి ఉంది, చేతికట్టు విప్పారు. మానస నా ముందు ఆగింది. కదల్లేదు. లోపల బెల్లు మోగింది. పొమ్మని చెయ్యి ఊపాను. పోదే! నోరు తెరిచాను. ఉత్త గాలి వచ్చింది.

అప్పుడా పిల్ల, నాలుగేళ్ళు నా క్లాసులో నోరు విప్పని పిల్ల, నడుము మీద చెయ్యి పెట్టుకుని, గేటు దగ్గరున్న పోలీసాయన ఉలిక్కిపడేలా అరిచింది.

"ఏందే, గుడ్లప్పగించి చూస్తాన్నవ్? నీ మొకం మండ! ప్రశ్న రెండుసార్లు చదువు. తొందరపడ్డవో, వీపు విమానం మోత మోగుతది! వచ్చినయి ముందు రాయి, రానియి చూసి ఏడువకు. ఒక్క స్టెప్పు ఎగ్గొట్టినవో, ఇంటి మీదికొచ్చి లొల్లి పెడ్త!"

నా మాటలే. నా విరుపే. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడే తీసుకుంది. గేటు లోపల పిల్లలు ఆగి వెనక్కి తిరిగి చూశారు.

"గిదే గద మేడం మీరు చెప్పేది?" అంది, మెల్లగా.

నేను తల ఊపాను. మానస లోపలికి పరుగెత్తింది. గేటు మూసేదాకా మొగిలమ్మా నేనూ అక్కడే నిలబడ్డాం. తర్వాత ఆమె మిర్చి షెడ్డుకు, నేను తొమ్మిదో తరగతికి ఒకే ఆటోలో పోయాం.